పండగ ముందు రిజల్ట్ వస్తే ఏం చేయాలి: మార్కుల దరఖాస్తు నుంచి బెల్లం ఉండల దాకా

సంక్రాంతి సెలవులు ఇంకో అయిదు రోజుల్లో ఉన్నాయనగా మా థర్డ్ సెమ్ రిజల్ట్ వచ్చింది. నెల్లూరు మాగుంట లేఅవుట్ వైపు ఒక మేడ మీద ముగ్గురం కలిసి అద్దెకుండే రూము మాది. మార్కులు చూసి ఫోన్ పక్కన పడేసి పడుకున్నాను. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. పేపర్ మళ్లీ దిద్దించే రీవాల్యుయేషన్‌కి ఇచ్చే గడువే తక్కువ, అందులో రెండు రోజులు అలా పోయాయి.

మీకు అలా పోకూడదని ఇది రాస్తున్నాను. మార్కులు అన్యాయంగా పడ్డాయనిపిస్తే వరసగా ఏమేం చేయాలో చెబుతాను. ఆ ఫీజులు కట్టాక జేబులో మిగిలిన కొద్ది డబ్బుతో, పాలూ నెయ్యీ లేకుండా పండగ తీపి ఎలా చేసుకోవాలో కూడా చెబుతాను. నేనూ నా రూమ్మేటూ ఈ రెండు పనులూ ఒకే వారంలో చేశాం. అందుకే కలిపి చెబుతున్నాను.

ముందు మార్కులను విడదీయండి

రిజల్ట్ పేజీని వెంటనే పీడీఎఫ్‌గా దాచుకోండి, స్క్రీన్‌షాట్ కూడా తీసుకోండి. తర్వాత తెల్లకాగితం మీద ప్రతి సబ్జెక్టుకీ ఇంటర్నల్ (కాలేజీ వేసేది) ఎంత, ఎక్స్‌టర్నల్ (సెమిస్టర్ చివరి పరీక్షది) ఎంత అని వేరువేరుగా రాయండి. మొత్తం మాత్రమే చూస్తే దెబ్బ ఎక్కడ తగిలిందో తెలియదు. ఇంటర్నల్ తగ్గితే దారి మీ కాలేజీలోనే ఉంది. ఎక్స్‌టర్నల్ తగ్గితే యూనివర్సిటీ దాకా వెళ్లాలి. ఈ రెండింటినీ కలిపేసి "నాకు అన్యాయం జరిగింది సార్" అంటే ఎవరూ ఏమీ చేయలేరు.

పరీక్ష రాసినా ఆబ్సెంట్ అని చూపిస్తే అది వేరే సంగతి. దానికి రీవాల్యుయేషన్ ఫీజు కట్టకండి. పరీక్ష హాల్లో మీరు సంతకం పెట్టిన అటెండెన్స్ షీటు కాలేజీలో ఉంటుంది. హాల్ టికెట్ తీసుకుని అదే రోజు ఎగ్జామ్ బ్రాంచ్‌కి వెళ్లండి.

మీ పేపర్ ఎవరి చేతిలో ఉందో కూడా తెలిసుండాలి. నెల్లూరు వైపు డిగ్రీ కాలేజీలకు కాకుటూరులోని విక్రమ సింహపురి యూనివర్సిటీ, ప్రకాశం వైపు వాటికి ఒంగోలులోని ఆంధ్రకేసరి యూనివర్సిటీ. ఇంజనీరింగ్ అయితే నెల్లూరు వాళ్లకు అనంతపురం జేఎన్‌టీయూ, ఒంగోలు వాళ్లకు కాకినాడ జేఎన్‌టీయూ. అటానమస్ కాలేజీ అయితే పరీక్ష పెట్టేదీ దిద్దించేదీ కాలేజీయే, కాబట్టి నోటిఫికేషన్ కూడా అక్కడే వస్తుంది.

ఇంటర్నల్స్ మీరే లెక్కేసుకోండి

నాకు అసలు మేలు జరిగింది ఇక్కడే, అందుకని కొంచెం వివరంగా చెబుతాను. జేఎన్‌టీయూ ఆర్‌20 రెగ్యులేషన్‌లో, అంటే 2020లో వచ్చిన నిబంధనల్లో, సెమిస్టర్ మధ్యలో పెట్టే రెండు మిడ్ పరీక్షలు సమానం కాదు. ఎక్కువ వచ్చిన మిడ్‌కి 80 శాతం, తక్కువ వచ్చిన దానికి 20 శాతం. నాకు ఒక సబ్జెక్టులో మొదటి మిడ్‌లో 30కి 26, రెండో మిడ్‌లో 21 వచ్చాయి. 26లో 80 శాతం 20.8, 21లో 20 శాతం 4.2, కలిపితే సరిగ్గా 25. రిజల్ట్‌లో ఉన్నది 19.

ఆ 19 ఎలా వచ్చిందని వెనక్కి లెక్క వేశాను. రెండో మిడ్ 21 సరిగ్గానే ఎక్కిందనుకుంటే, అందులో 80 శాతం 16.8. ఇంకా 2.2 కావాలి. అంటే మొదటి మిడ్‌లో 11 అని పడి ఉండాలి. మా క్లాసులో మొదటి మిడ్‌లో 11 వచ్చింది నా తర్వాతి రోల్ నంబరు వాడికి. వాడే నా రూమ్మేట్. మార్కులు ఎక్కించేటప్పుడు గడులు తారుమారై నావి వాడికీ, వాడివి నాకూ పడ్డాయి.

మీది వేరే రెగ్యులేషన్ అయితే లెక్క వేరుగా ఉండొచ్చు. సిలబస్ పుస్తకం మొదట్లో అకడమిక్ రెగ్యులేషన్స్ అని కొన్ని పేజీలుంటాయి. మనం వాటిని తిప్పేసి యూనిట్ వన్‌కి వెళ్లిపోతాం. ఆ పేజీలు ఒక్కసారి కూర్చుని చదవండి. పాస్ మార్కు ఎంత, అటెండెన్స్ తక్కువైతే ఏం చేయాలి, ఇంటర్నల్ ఎలా కలుపుతారు, అన్నీ అందులోనే ఉన్నాయి. ఇకనుంచి దిద్దిన మిడ్ పేపర్ చేతికి ఇచ్చినప్పుడల్లా మొదటి పేజీ ఫోటో తీసి పెట్టుకోండి. నా దగ్గర ఆ ఫోటో ఉండబట్టే పని అయింది.

సార్‌ని అడిగే పద్ధతి

నేను నేరుగా హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) దగ్గరికి పోదామనుకున్నాను. మా సీనియర్ అన్న ఆపాడు. "ముందు సబ్జెక్టు చెప్పిన సార్ దగ్గరికి పో. ఆయన్ని దాటిపోతే తప్పు దిద్దాలన్నా ఆయనకు మనసు రాదు" అన్నాడు. ఆ మాట నిజం. క్లాసు మధ్యలో, అందరి ముందూ అడగకండి. స్టాఫ్ రూములో ఖాళీగా ఉన్నప్పుడు వెళ్లి, "సార్, నాకు ఇంటర్నల్ 25 రావాలని లెక్క తేలుతోంది, 19 పడింది. ఒక్కసారి మీ రిజిస్టర్‌తో సరిచూస్తారా అండీ" అని కాగితం ముందు పెట్టండి. తక్కువ వేశారు అనకండి, సరిచూడమని అడగండి. మీరు అడుగుతున్నది మీ మార్కులే, దయాదాక్షిణ్యం కాదు. కాబట్టి భయపడొద్దు, గొంతూ పెంచొద్దు.

నా విషయంలో ఇంకో చిక్కుంది. నాది సరిచేస్తే నా రూమ్మేట్‌కి ఆరేడు మార్కులు తగ్గుతాయి. సార్ దగ్గరికి వెళ్లే ముందే వాడికి చెప్పాలనిపించింది. వెళ్లేసరికి వాడు స్టవ్ ముందు కూర్చుని వేరుశనగ గుళ్లు వేయిస్తున్నాడు. విని కాసేపు ఏమీ అనలేదు. "నీవి నీకు రావాలి కదరా. రేపు ఇద్దరం కలిసి పోదాం" అన్నాడు. ఇద్దరం వెళ్లడం వల్ల సార్‌కి కూడా అనుమానం లేకపోయింది. రిజిస్టర్ తీసి చూసి, తప్పు ఒప్పుకుని, ప్రిన్సిపాల్ ద్వారా యూనివర్సిటీకి లెటర్ పెట్టించారు. పగబట్టి తక్కువ వేశారని నేను రెండు రోజులు నమ్మాను. జరిగింది ఎంట్రీలో పొరపాటు.

నోటి మాటతో వదలొద్దు. అరపేజీ దరఖాస్తు రాసి, రెండు కాపీలు తీసి, ఒకదాని మీద తేదీతో ముట్టినట్టు సంతకం తీసుకోండి.

ఎక్స్‌టర్నల్ అయితే: రీకౌంటింగా, రీవాల్యుయేషనా?

రీకౌంటింగ్ అంటే వేసిన మార్కులు మళ్లీ కూడి చూస్తారు, దిద్దకుండా వదిలేసిన జవాబు ఉందేమో చూస్తారు. రీవాల్యుయేషన్ అంటే మరొకరు మొత్తం మళ్లీ దిద్దుతారు. ఫీజు సబ్జెక్టుకి ఇంత అని ఉంటుంది, రీవాల్యుయేషన్‌దే ఎక్కువ. గడువు తేదీ నోటిఫికేషన్‌లో ఉంటుంది. కాలేజీ లోపల గడువు దానికంటే ఒకటి రెండు రోజులు ముందే పెడతారు. అదీ కనుక్కోండి.

ఎన్ని సబ్జెక్టులకు కట్టాలన్నది బాధలో ఉండగా తేల్చుకోకండి. క్వశ్చన్ పేపర్ తీసి, ప్రతి ప్రశ్న పక్కన మీరు ఏం రాశారో గుర్తు చేసుకుని, ఇంకొకరి పేపర్ దిద్దుతున్నట్టే మార్కులు వేయండి. వీలైతే ఆ సబ్జెక్టులో బాగా వచ్చిన ఫ్రెండ్‌తో వేయించండి. మీ లెక్కకీ వచ్చిన మార్కులకీ పదికి మించి తేడా ఉంటే కట్టండి. పాస్ మార్కుకి రెండు మూడు తక్కువైతే కూడా కట్టొచ్చు. పాసైన సబ్జెక్టులో ఆ తేడా మూడు నాలుగు మార్కులే అయితే మాత్రం డబ్బు పెట్టొద్దని నా మాట.

ఇంకొకటి, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. రీవాల్యుయేషన్ పెట్టాం కదా అని సప్లీ (ఫెయిలైన సబ్జెక్టు మళ్లీ రాసే సప్లిమెంటరీ పరీక్ష) ఫీజు కట్టకుండా కూర్చుంటారు. సప్లీ పరీక్షకి ముందే రీవాల్యుయేషన్ రిజల్ట్ వస్తుందన్న నమ్మకం లేదు. రెండూ కట్టండి, చదవడం ఆపకండి.

నేను మ్యాథ్స్‌కి పెట్టాను. "నో చేంజ్" అని వచ్చింది. ఆ రెండు ముక్కలతో మనసు ఊరుకోదు, నా పేపర్ చూడాలనిపించింది.

మీ జవాబు పత్రం మీరు చూడొచ్చు

ఈ సంగతి మన కాలేజీల్లో ఎవరూ చెప్పరు. 2011 ఆగస్టు 9న సుప్రీం కోర్టు, సీబీఎస్ఈకీ ఆదిత్య బందోపాధ్యాయ్‌కీ మధ్య జరిగిన కేసులో, దిద్దిన జవాబు పత్రం సమాచార హక్కు చట్టం కిందికి వస్తుందనీ, రాసిన విద్యార్థి దాన్ని చూడొచ్చు, కాపీ తీసుకోవచ్చు అనీ తీర్పు ఇచ్చింది. దిద్దినవాళ్ల పేరు మాత్రం చెప్పరు, ఆ భాగం తీసేసి ఇస్తారు. ఈ చట్టం కింద చూసే హక్కు ఉంది కానీ, మళ్లీ దిద్దమనే హక్కు లేదు. దానికి యూనివర్సిటీ నిబంధనలే.

దరఖాస్తు కష్టమేమీ కాదు. తెలుగులో రాయొచ్చు, చట్టమే ఒప్పుకుంది. ఎందుకు కావాలో కారణం చెప్పక్కర్లేదు. తెల్లకాగితం మీద పైన "పౌర సమాచార అధికారి, పరీక్షల విభాగం" అని, కింద యూనివర్సిటీ చిరునామా రాయండి. ఆ తర్వాత ఇలా:

"సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 6(1) కింద నేను కోరే సమాచారం: ఫలానా నెల, సంవత్సరంలో జరిగిన ఫలానా సెమిస్టర్ పరీక్షలో, ఫలానా హాల్ టికెట్ నంబరుతో నేను రాసిన ఫలానా సబ్జెక్టు జవాబు పత్రం, మూల్యాంకనం చేసిన తర్వాతి కాపీ, అన్ని పేజీలు ఇవ్వగలరు. నేను భారత పౌరుణ్ని."

పేరు, చిరునామా, సంతకం, తేదీ. ఫీజు 10 రూపాయలు, రేషన్ కార్డున్న పేద కుటుంబమైతే అదీ లేదు, కార్డు జిరాక్స్ జతచేయాలి. కాపీలకు పేజీకి 2 రూపాయల చొప్పున తర్వాత అడుగుతారు. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే మరో 30 రోజుల్లోపు అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు, అక్కడా కాకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కి రెండో అప్పీలు. ఆలస్యం మాత్రం చేయొద్దు. జవాబు పత్రాలను కొంతకాలమే దాచి తర్వాత తీసేస్తారు. తీసేశాక అడిగినా ప్రయోజనం లేదు.

నా మ్యాథ్స్ పేపర్ కాపీ వచ్చింది. చూస్తే రెండు లెక్కల్లో సగం నుంచి నేనే తప్పు దారి పట్టాను. దిద్దినవాళ్లు స్టెప్పులకు మార్కులు వేశారు కూడా. అది చూసినరోజు హాయిగా నిద్రపోయాను. ఏం చదవాలో తెలిసింది, అదే సబ్జెక్టు సప్లీలో పాసయ్యాను.

అయినా న్యాయం జరగకపోతే

సెమినార్ మార్కులు కావాలని తగ్గించడం, కులం చూసి, ఊరు చూసి ల్యాబులో మార్కులు వేయడం, అడిగినందుకు కక్ష కట్టడం. ఇవి పొరపాట్లు కావు. వీటికోసం యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2023లో విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం విద్యార్థుల ఫిర్యాదుల కమిటీ ఉండాలి, అది 15 పని దినాల్లో తన నివేదిక ఇవ్వాలి. తృప్తి లేకపోతే యూనివర్సిటీ నియమించిన అంబుడ్స్‌పర్సన్‌కి, అంటే విద్యార్థుల అప్పీళ్లు వినే అధికారికి, అప్పీలు చేసుకోవచ్చు. మూల్యాంకనంలో అన్యాయమైన పద్ధతులు కూడా ఫిర్యాదు కిందికి వస్తాయని అందులోనే ఉంది. కానీ ఊరికే మళ్లీ దిద్దమంటే అంబుడ్స్‌పర్సన్ తీసుకోరు. ఫలానా చోట ఫలానా అక్రమం జరిగింది, లేదా ఫలానా వివక్ష చూపారు అని చూపించగలగాలి. అందుకే తేదీలు, ఫోటోలు, ముట్టినట్టున్న కాపీలు మొదటినుంచీ ఒక ఫైల్లో పెట్టుకోమనేది. ఒంటరిగా వెళ్లకండి, అదే ఇబ్బంది పడ్డ ఇంకో ఇద్దరుంటే ముగ్గురూ సంతకం పెట్టండి.

ఇక తీపి సంగతి

ఫీజు కట్టాక మా ఇద్దరి దగ్గరా కలిపి రెండొందలు కూడా లేవు. నా రూమ్మేట్‌ది కనిగిరి వైపు. ఇంట్లో గేదెలున్నాయి. దున్న దూడ పుడితే దానికి కడుపునిండా పాలు వదలకపోవడం, ఏడాది తిరక్కుండా అమ్మేయడం చిన్నప్పటినుంచీ చూసి, ఇంటర్‌లో పాలు, పెరుగు, నెయ్యి మానేశాడు. ఇప్పుడు వీగన్ అంటున్నారు కానీ వాడికి ఆ మాట తెలియకముందే మానేశాడు. పండగొస్తే వాడికి నెల్లూరు మలై కాజా పనికిరాదు, ఒంగోలు మైసూర్‌పాక్ పనికిరాదు. కొట్లో కొన్న బిస్కట్ మీద ఆకుపచ్చ చుక్క ఉన్నా పాలు ఉండొచ్చు, ఆ గుర్తు శాకాహారానికే. వీగన్ సరుకుకి కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వేరే గుర్తు పెట్టింది, ఆకుతో ఉన్న ఆకుపచ్చ "వి" అక్షరం. అది లేకపోతే వెనకవైపు దినుసుల వరస చదవాలి.

మన సంక్రాంతి తీపుల్లో సగం బెల్లం, నువ్వులు, వేరుశనగలే. వాటికి పాలతో పనిలేదు. సరుకులు ప్యాకెట్లలో కాకుండా విడిగా కొనండి. నెల్లూరులో అయితే స్టోన్‌హౌస్‌పేట హోల్‌సేల్ కొట్లు. బెల్లం మరీ పసుపుగా మెరిసేది వద్దు, రంగుకోసం మందు కలిపి ఉండొచ్చు. ముదురు రంగుది తీసుకోండి. హాస్టల్లో ఉంటే స్టవ్ పెట్టనివ్వరు, వార్డెన్‌కి తెలియకుండా హీటర్ కాయిల్స్ వాడి ప్రమాదం తెచ్చుకోవద్దు. బయట రూములో ఉండే ఫ్రెండ్ దగ్గరికి సరుకులు పట్టుకుపోండి.

మొదట చిమ్మిలి చేయండి, పాకం అక్కర్లేదు కాబట్టి. నువ్వులు ఒక గ్లాసు, తురిమిన బెల్లం ముప్పావు గ్లాసు. నువ్వులు చిన్నమంట మీద చిటపటలాడేదాకా వేయించి పూర్తిగా చల్లారనివ్వండి. మిక్సీలో ఆపి ఆపి రెండు మూడు తిప్పులు తిప్పి, బెల్లం వేసి ఇంకో రెండు తిప్పులు. ఆపకుండా తిప్పితే నూనె కారి ముద్దయిపోతుంది. చేత్తో నొక్కితే ఉండ కట్టాలి, అంతే. నీళ్లు, నూనె ఏమీ వేయకండి.

బొరుగుల ఉండలు అన్నిటికంటే చౌక, ఎక్కువమందికి వస్తాయి. బొరుగులు ఆరు గ్లాసులు, బెల్లం ఒక గ్లాసు. బొరుగులు మెత్తబడి ఉంటే మూకుట్లో మూడు నాలుగు నిమిషాలు వేయిస్తే కరకరలాడతాయి. బెల్లంలో పావు గ్లాసు నీళ్లు పోసి కరిగించి, వడగట్టండి. ఇసుక పంటికింద పడితే ఉండంతా పాడు. మళ్లీ పొయ్యి మీద పెట్టి కలుపుతూ ఉండండి. పక్కన గిన్నెలో చన్నీళ్లు పెట్టుకుని మధ్యమధ్య ఒక చుక్క వేసి చూడండి. కరిగిపోతే ఇంకా కాలేదు. మెత్తటి ఉండ అయితే అది అరిసెల పాకం, మీకు చాలదు. గట్టి ఉండై, పళ్లేనికి కొడితే టంగుమంటే అప్పుడు దించి, సొంఠి పొడి, బొరుగులు వేసి గబగబా కలపండి. చేతికి తడి రాసుకుని వేడిగా ఉండగానే కట్టాలి. ఒకరు కలిపితే ఇద్దరు కట్టాలి, ఒక్కరివల్ల కాదు. మధ్యలో గట్టిపడితే చిన్నమంట మీద అరనిమిషం పెట్టండి, వదులవుతుంది.

వేరుశనగ చెక్కకి కూడా ఇదే పాకం, ఇంకాస్త ముదరాలి. గుళ్లు గ్లాసుకి బెల్లం ముప్పావు. గుళ్లు చిన్నమంట మీద నిదానంగా వేయించి, పొట్టు నలిపి ఊదేసి, బద్దలు చేసి వేయండి. పళ్లేనికి నెయ్యికి బదులు నూనె రాసి, పోసి, నూనె రాసిన స్టీలు గ్లాసుతో ఒత్తి, వేడి ఉండగానే చాకుతో గీతలు పెట్టండి.

అరిసెలు రూములో వద్దు. బియ్యం నానబెట్టడం, తడిపిండి పట్టించడం, కాగే నూనె, అది ఇంటి పని. అమ్మకి ఫోన్ చేసి "ఒక వాయికి పాకంలో నెయ్యి బదులు నువ్వుల నూనె వెయ్యమ్మా, మా వాడొస్తున్నాడు" అని చెప్పండి, చాలు. పాయసం కావాలంటే సగ్గుబియ్యం నీళ్లలో ఉడికించి, బెల్లం వేసి, పొయ్యి ఆపాక చిక్కటి కొబ్బరిపాలు కలపండి. కొబ్బరిపాలు పోశాక మరిగిస్తే విరుగుతాయి.

పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టి మూత గట్టిగా బిగించండి. మనవైపు సముద్రపు గాలికి బొరుగుల ఉండలు మూడు నాలుగు రోజుల్లో మెత్తబడతాయి, వాటిని ముందు తినేయండి. చెక్క, చిమ్మిలి కనుమ దాటినా ఉంటాయి. పండగ రోజుల్లో పినాకిని రైల్లో నిలబడి ప్రయాణం చేయాల్సి వస్తుంది కాబట్టి, గట్టి స్టీలు డబ్బాలో పెట్టి బట్టల మధ్య సర్దుకోండి.

దరఖాస్తు కాపీ కూడా అదే బ్యాగులో పెట్టుకోండి. సెలవులయ్యాక కాలేజీ తెరిచిన మొదటి రోజే ఎగ్జామ్ బ్రాంచ్‌కి వెళ్లి, యూనివర్సిటీకి పంపిన లెటర్ నంబరు, తేదీ అడిగి ఆ కాపీ మీదే రాసుకోండి. వారానికోసారి వెళ్లి కనుక్కోండి. నేను నాలుగుసార్లు వెళ్లాను, ప్రతిసారీ రూమ్మేట్ వెంట వచ్చాడు. ఫిబ్రవరి రెండో వారంలో నా పేరు పక్కన 25 కనబడింది.